నాలుగేళ్లుగా వాడుతున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు, మూడేళ్లుగా వాడుతున్న కుళాయి జాలీ

మధురవాడలో మాది మూడో అంతస్తు ఫ్లాట్. విశాఖ ఉక్కపోత తెలిసిందే. మార్చి నుంచి అక్టోబరు దాకా ఇంట్లో ఏదో ఒక గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే నాలుగేళ్ల కిందట ముందు ఫ్యాన్లే మార్చాం. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాన్లు మూడు కొన్నాం, ఒక్కోటి సుమారు 3,000 రూపాయలు.

పాత ఫ్యాన్ 75 వాట్లు లాగేది. ఇది ఫుల్ స్పీడులో 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మన కరెంటు బిల్లు శ్లాబుల లెక్క కాబట్టి, తగ్గిన యూనిట్లన్నీ పై రేటులోంచే తగ్గుతాయి. అయినా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. చలికాలం ఫ్యాన్ వాడకం తగ్గుతుంది కదా.

నాకు బిల్లు కన్నా ఇన్వర్టర్ మీద తేడానే ఎక్కువ నచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మనది. గాలివాన అంటే ఇప్పటికీ అమ్మకు టెన్షనే. పాత ఫ్యాన్ ఒక్కటి తిరిగే కరెంటుతో ఇవి రెండు తిరుగుతాయి. గుయ్‌మనే మోత కూడా లేదు.

ఇబ్బందీ ఉంది. రెండో ఏడాది పడగ్గది ఫ్యాన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందన్నారు. పాత ఫ్యాన్ అయితే కెపాసిటర్ మార్చి వీధి చివరి ఎలక్ట్రీషియనే బాగుచేసేవాడు. దీనికి కంపెనీ మనిషి కోసం పది రోజులు ఎదురుచూశాం. అందుకే వారంటీ ఎక్కువ ఉన్నదే కొనండి. బిగించేటప్పుడు గోడ రెగ్యులేటర్ తీయించి నేరుగా స్విచ్‌కి కలపమనండి. రిమోట్‌ను మంచం పక్క గోడకే తగిలించండి. అర్ధరాత్రి మా నాన్న దానికోసం వెతుక్కోవడం నేను చూడలేకపోయాను.

ఇక నీళ్ల సంగతి. వేసవిలో మా అపార్ట్‌మెంట్‌కు ట్యాంకర్ తప్పదు. వంటగది కుళాయి మూతికి ఏరేటర్, అంటే గాలి కలిపి నీళ్లు వదిలే చిన్న జాలీ, బిగించాను. అంతకుముందు పది లీటర్ల బకెట్ నిమిషంలో నిండేది, ఇప్పుడు రెండున్నర నిమిషాలు. మొదటి రోజు అమ్మ "ఏటిరా, పాలు పితికినట్టు వస్తన్నాయి" అంది. గిన్నెలు తోమి చూశాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ధార సన్నగా ఉన్నా నురగతో పరుచుకుని పడుతుంది, సబ్బు బాగానే పోతుంది.

బాత్‌రూమ్ కుళాయికీ పెట్టి పొరపాటు చేశాను. బకెట్‌తో స్నానం చేసే ఇంట్లో అక్కడ ఒక్క చుక్కా మిగలదు, బకెట్ నిండటం మాత్రం ఆలస్యమవుతుంది. వారానికే తీసేశాను. తెరిచి ఉంచి వాడే కుళాయికే ఇది పనికొస్తుంది.

మాది బోరు నీళ్లు కావడంతో రెండు నెలలకోసారి జాలీకి తెల్లటి సున్నం పేరుకుంటుంది. ధార పక్కకి చిమ్మిందంటే గుర్తు అదే. మొదట్లో బ్రష్‌తో గీకి ఒక జాలీ చింపేశాను. ఇప్పుడు అమ్మే విప్పి, రసానికి పిసికిన చింతపండు పిప్పిలో కాస్త నీళ్లు పోసి రాత్రంతా నానేస్తుంది. పొద్దున్నే కడిగి మళ్లీ బిగిస్తే ధార నిటారుగా పడుతుంది.