లింగ్‌జున్, నిన్ ఫుఛిన్, షూషు: చైనీస్‌లో ‘మీ నాన్నగారు’ అనడానికి ఏది మేలు?

చైనా సహోద్యోగిని ‘మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది?’ అని అడగడానికి మూడు మాటలున్నాయి. మూడూ మర్యాదైనవే. కాకపోతే ఒకచోట నప్పింది ఇంకోచోట నప్పదు.

నోటిమాటకు ‘నిన్ ఫుఛిన్’ మేలు. ఫుఛిన్ అంటే తండ్రి, నిన్ అంటే మీ. మర్యాదంతా ఆ ‘నిన్’లోనే ఉంది. చివరి న్ మింగేస్తే ‘నీ’ అవుతుంది. తమాషా ఏమిటంటే చైనీస్‌లోనూ దానర్థం నువ్వనే! ‘నిన్ ఫుఛిన్ షన్‌థీ హావ్ మా?’ అంటే చాలు.

లింగ్‌జున్‌లో లింగ్‌కు ‘శ్రేష్ఠమైన’ అని అర్థం. జు జున్నులో జులాగే పలకాలి. తల్లి లింగ్‌థాంగ్, కొడుకు లింగ్‌లాంగ్, కూతురు లింగ్‌ఆయ్. ఉత్తరాలకూ ఆహ్వానాలకూ ఇవి బాగుంటాయి. క్యాంటీన్‌లో ఈడువాడితో అంటే మాత్రం ‘తమ జనకులు క్షేమమా?’ అన్నట్టుంటుంది. పైగా లింగ్‌లోనే ‘మీ’ కలిసి ఉంది. ముందు ఇంకో ‘నీ’ తగిలిస్తే మాట రెట్టించినట్టే. సొంత తండ్రికి లింగ్‌జున్ అసలే వాడకూడదు.

తెలుగువాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మనకు ‘గారు’ ఇటూ అటూ చెల్లుతుంది: మా నాన్నగారు, మీ నాన్నగారు. చైనీస్ మర్యాదలో మనవాళ్లను తగ్గించి, ఎదుటివాళ్లను పెంచాలి. ‘జియాఫు’ అంటే మా నాన్న అని మాత్రమే. ఎదుటివాడిని ‘మీ జియాఫు బాగున్నారా?’ అని అడిగితే వాళ్ల నాన్నను మన నాన్నను చేసుకున్నట్టే. చైనావాళ్లూ దీంట్లో తడబడతారు. అందుకే గుర్తుకు ఒక సూత్రం ఉంది: ‘జియా దా, ష షియావ్, లింగ్ వాయ్‌రెన్’. మనింటి పెద్దలకు జియా, మనకన్నా చిన్నవాళ్లకు ష, పరాయివాళ్లకు లింగ్. మా అమ్మ జియాము, మా తమ్ముడు షదీ. సొంత కొడుకును ‘ఛ్యుయెన్‌జి’ అనడం పాత పద్ధతి, మాటకు మాట పెడితే కుక్కపిల్ల! పరాయివాళ్ల కొడుకును పొరపాటున కూడా అలా అనకండి. తండ్రి పోయినవాడు జియాఫు అనడు, షియెన్‌ఫు అంటాడు.

స్నేహితుడి తండ్రి ఎదురుగా ఉంటే పై రెండూ పనికిరావు, అవి పిలుపులు కావు. అప్పుడు షూషు, అంటే బాబాయ్. తల్లిని ఆయీ అంటారు. ఇంకాస్త పెద్దరికం కావాలంటే బోఫు, బోము, అంటే పెదనాన్న, పెద్దమ్మ.

భార్య సంగతికొస్తే ఊరిని బట్టి మాట మారుతుంది. చైనా ప్రధాన భూభాగంలో ‘నిన్ ఆయ్‌రెన్’ అంటే మీ ఆవిడ లేదా మీ ఆయన. తైవాన్‌లో ఆయ్‌రెన్ అంటే ప్రియురాలు, ప్రియుడు అనే అర్థం తగులుతుంది. ‘నిన్ థాయ్‌థాయ్’ అంటే రెండుచోట్లా ఇబ్బంది లేదు. ఎవరి భార్య గురించి వాళ్లు చెప్పుకునే పాత మాట ‘నేయ్‌రెన్’, అంటే లోపలి మనిషి. మన ‘మా ఇంట్లోవాళ్లు’ లాంటిదే.