ఎండలు ముదిరిన చోట వాన కొలత: గీతల గొట్టమా, తూగే గిన్నెనా?

అనంతపురం వంటి మెట్ట ప్రాంతంలో పెరట్లో వాన కొలవదలచినవారి ముందు రెండు దారులున్నాయి: గీతల గొట్టం ఉన్న మామూలు వర్షమాపకం, లేదా ఇంటి వాతావరణ కేంద్రంతో వచ్చే తూగే గిన్నె (కొద్దిపాటి నీరు నిండగానే ఒరిగి ఒలికిపోయే చిన్న గిన్నె; ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కించి వానను కొలుస్తుంది).

ఖర్చు: గొట్టం వందల్లో, గిన్నె వేలల్లో.

శ్రమ: గొట్టాన్ని వాతావరణ శాఖ పద్ధతిలో రోజూ ఉదయం 8.30కి మనమే చూడాలి. గిన్నె తానే నమోదు చేస్తుంది.

నమ్మకం: అసలు చిక్కు ఇక్కడే. గిన్నె సాధారణంగా 0.2 మి.మీ. వాన నిండితేనే ఒరుగుతుంది కనుక, నాలుగు చినుకులు రాలి ఆగితే ఆ తడి ఆవిరై లెక్కలోకే రాదు. పైగా వాన లేని నెలల్లో గరాటులో దుమ్ము, సాలెగూడు చేరి, తీరా వాన కురిసిన రోజున సున్నా చూపించవచ్చు. గొట్టంలోనూ నీరు ఆవిరవుతుంది గానీ, అడ్డుంటే కంటికి కనబడుతుంది.

ఏ గంటలో ఎంత జోరుగా కురిసిందో కావాలంటే గిన్నె మేలు. విత్తడానికి పదును చాలునా అని చూసే, ఊరు కదలని రైతుకు గొట్టమే నయం.