ట్రౌట్ గాలానికి అలవాటు పడ్డ చేత్తో సముద్రపు ఒడ్డున

ఉండేది న్యూజెర్సీలో. రారిటన్ నది సౌత్ బ్రాంచ్‌లో, ముఖ్యంగా కెన్ లాక్‌వుడ్ గార్జ్ అనే లోయ దగ్గర ట్రౌట్ (చల్లటి మంచినీటి చేప) పట్టడం నా అసలు అలవాటు. సముద్రం వైపు మళ్లించింది ఎండలే. నీళ్లు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయంటే ట్రౌట్‌ని పట్టి వదిలినా బతకడం కష్టం. అందుకే కొన్నేళ్లుగా వేసవంతా శాండీ హుక్, ఐలండ్ బీచ్ స్టేట్ పార్క్ ఒడ్డుల్లోనే.

నదిలో నేర్చుకున్న నీళ్లు చూసే పని ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. ట్రౌట్ రాయి చాటున నిలబడి, పక్కన వడి నీటిలో కొట్టుకొచ్చే తిండి కోసం చూస్తుంది కదా, ఒడ్డునా అదే లెక్క. పాటులో సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు వెళ్లి చూడండి. ఇసుక మేట మీద అలలు తెల్లగా విరుగుతాయి. మేటకీ ఒడ్డుకీ మధ్య ముదురు రంగులో కనిపించేది లోతు. మేట తెగిన చోట అల విరగదు, నీళ్లు సముద్రంలోకి లాగేది ఆ గండి గుండానే. స్ట్రైపర్లు (చారల బాస్ చేపలు), ఫ్లూక్ (బల్లపరుపు చేప) కాపు కాసేది దాని పక్కనే. గుర్తు పెట్టుకుని పోటు ఎక్కేటప్పుడు మళ్లీ వెళ్లాలి. చాలాసార్లు చేప 20 గజాల లోపే ఉంటుంది. జనం మోకాళ్ల లోతులో దిగి, దాని నెత్తి మీదుగా అవతలికి విసురుతుంటారు!

కాబట్టి 12 అడుగుల రాడ్ మొదటే కొనకండి. నాది 9 అడుగులది, 5000 సైజు రీల్, 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన లైన్). నాలుగు పౌండ్ల లైన్ పట్టిన చేతికి ఇదే మోకులా అనిపించింది.

ఇబ్బందల్లా ఉప్పుతో. ఇంటికి రాగానే డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్ వదిలే బ్రేకు) బిగించి, రీల్‌ని మంచినీళ్ల సన్న ధార కింద కడగాలి. పైపు గట్టిగా పెడితే ఉప్పు, ఇసుక లోపలికే పోతాయి. ఇంత చేసినా నా రీల్‌లో లైన్ రోలర్ (లైన్ దొర్లే చిన్న చక్రం) కిర్రుమని కిర్రుమని చివరికి బిగుసుకుపోయింది. బేరింగ్ మార్చాక కడిగిన ప్రతిసారీ అక్కడో చుక్క నూనె వేస్తున్నాను.

టైము ఇంకో తలనొప్పి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ శనివారం పొద్దున పోటుంటే, వచ్చే శనివారం అదే టైముకి పాటు. వారాంతాల్లోనే వీలయ్యే ఉద్యోగస్తులకి ఇది టెన్షనే.

ఖర్చు విషయంలో సముద్రమే నయం. ట్రౌట్‌కి లైసెన్సు, పైన ట్రౌట్ స్టాంపు కావాలి. ఇక్కడ ఉచిత రిజిస్ట్రేషన్ చాలు. కానీ ఇప్పటి రూలు ప్రకారం 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న స్ట్రైపర్‌నే, అదీ రోజుకి ఒక్కదాన్నే ఇంటికి తేవచ్చు. ఎర గుచ్చి వేస్తే సర్కిల్ హుక్ (మొన లోపలికి తిరిగిన గాలం) తప్పనిసరి. మనలాంటి ట్రౌట్ వాళ్లకి కష్టమైంది ఇదే. చేప తగలగానే రాడ్ ఎత్తేస్తాం, ఎత్తితే ఆ హుక్ నోట్లోంచి జారిపోతుంది. రాడ్ దానంతటది వంగేదాకా ఆగి, రీల్ మాత్రం తిప్పాలి.

బ్లూఫిష్ పడితే వేళ్లు జాగ్రత్త, దాని పళ్లు బ్లేడ్లే. గాలం తీయడానికి ప్లయర్ వాడండి, చేపని వెంటనే ఐసులో పెట్టండి. పులుసుకి ఫరవాలేదు. వేపుడికైతే మా ఇంట్లో ఓటు ఫ్లూక్‌కే.