బొలెరోలో డీజిల్ హీటర్: కొనేముందు బిగించేవాణ్ణి చూసుకోండి

హైదరాబాద్‌లో ఉండి కారుకి హీటర్ ఏం చేసుకుంటావ్ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ముందు అది తేల్చేస్తా. సిటీలో తిరిగేవాళ్లకి ఇది అస్సలు అక్కర్లేదు. డిసెంబరు చివర్లో లింగంపల్లి వైపు తెల్లారుజామున ఎంత వణికించినా, బండి కదిలిన పది నిమిషాల్లో ఇంజన్ వేడితో వచ్చే మామూలు హీటర్ సరిపోతుంది. నేను చెప్తున్న డీజిల్ హీటర్ ఇంజన్ ఆపేసి, బండిలోనే రాత్రి పడుకునేవాళ్ల కోసం. మేం వెనక సీట్లు మడిచేసి ప్లైవుడ్ పలక పరుచుకుని బొలెరోలోనే పడుకుంటాం. పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా జాతరకి పాపని కూడా తీసుకుని వెళ్తాం, అప్పుడు ఆదిలాబాద్ అడవిలో చలి ఎలా ఉంటుందో ఆ వైపు వాళ్లని అడగండి. జనవరిలో వీలైతే నేనూ మా ఆవిడా హిమాచల్‌లోని స్పితి దాకా పోతాం. రెండు రజాయిలు కప్పుకున్నా ముక్కు కొన గడ్డకట్టే రాత్రుళ్లు అవి.

ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని పడుకోవచ్చుగా అంటారు. దయచేసి అలా చేయొద్దు. గంటకి అర లీటరు పైనే డీజిల్ పోవడం అటుంచి, రాత్రి మంచు పడి సైలెన్సర్ మూసుకుపోతే పొగ బండి కిందే తిరిగి లోపలికి వస్తుంది. బొగ్గుల కుంపటి, గ్యాస్ స్టవ్ లాంటివి బండిలో వెలిగించే ఆలోచన అసలే వద్దు.

ఈ హీటర్లు యూరప్‌లో లారీ డ్రైవర్లు కేబిన్‌లో పడుకోవడానికి వాడేవి. జర్మనీ కంపెనీలు ఎబర్‌స్పాచర్, వెబాస్టో వీటికి పేరున్నవి, ధర కూడా అలాగే ఉంటుంది. మేం కొన్నది వాటిని చూసి చేసిన చైనా రకం, 12 వోల్టులది, 2 కిలోవాట్లది, పదిహేను వేల లోపు పడింది. పైన ఏ పేరు అతికించినా లోపల దాదాపు ఒకటే సరుకు కాబట్టి పేరు చెప్పి లాభం లేదు. అమ్మేవాళ్లు 5 కిలోవాట్లది తీసుకోండి, 8 ఉంది అంటారు, వినొద్దు. 8 అని రాసినవాటిలో చాలావరకు 5 కిలోవాట్ల యూనిట్లే. బొలెరో అంత జాగాకి 5 పెడితే అది ఎప్పుడూ లో (తక్కువ వేడి సెట్టింగ్) లోనే నడవాలి, లో లో గంటలకొద్దీ నడిస్తే లోపల మసి పేరుకుంటుంది, మసి పేరుకుంటే ఒక చలి రాత్రి అది వెలగనని మొండికేస్తుంది. 2 కిలోవాట్లది చాలు.

పని చేసే తీరు తెలిస్తే బిగించేటప్పుడు దేని మీద కన్నేయాలో తెలుస్తుంది కాబట్టి కాస్త చెప్తాను. చిన్న పంపు ఒకటి టక్ టక్ మంటూ డీజిల్‌ని కొద్దికొద్దిగా పంపిస్తుంది, గ్లో ప్లగ్ ఎర్రగా కాలి దాన్ని వెలిగిస్తుంది, మంట ఒక అల్యూమినియం గదిలో మండుతుంది. మంటకి కావలసిన గాలి బండి కింద నుంచి ఒక గొట్టంలో వస్తుంది, పొగ ఇంకో గొట్టంలో కిందికే పోతుంది. మనకి తగిలే గాలి ఆ అల్యూమినియం గది బయటి రెక్కల మీదుగా వెళ్లి వేడెక్కి వస్తుంది. అంటే రెండు గాలులు ఎక్కడా కలవకూడదు. వేడి పొడిగా ఉంటుంది, అద్దాల మీద చెమ్మ బాగా తగ్గుతుంది. లో లో గంటకి నూరు మిల్లీలీటర్ల చిల్లర డీజిల్, ఫుల్‌లో పావు లీటరు దాకా. రాత్రంతా లో లో నడిచినా లీటరు అటూ ఇటూ.

ఇక బిగింపు. ఆన్‌లైన్‌లో కొన్న పెట్టెని పట్టుకుని తిరిగితే చాలామంది ఏసీ మెకానిక్కులు మాకు తెలీదు అనేశారు, అలా చెప్పినవాళ్లని తప్పు పట్టను, తెలియకుండా చేతులు పెట్టేవాళ్ల కంటే వాళ్లే నయం. చివరికి బాలానగర్ ఇండస్ట్రియల్ ఏరియాలో లారీలకి పని చేసే ఒక షెడ్డు దొరికింది. బోర్డు కూడా సరిగ్గా లేదు. ఉస్తాద్ పెద్దాయన, పక్కన ఇద్దరు కుర్రాళ్లు. డ్రిల్ పట్టుకునే ముందే ఆయన బండి కింద పడుకుని టార్చితో బ్రేక్ పైపులు, వైర్లు, చాసిస్ పట్టీ ఎక్కడున్నాయో చూసి ఫ్లోర్ మీద చాక్‌పీసుతో గీతలు గీయించాడు. అప్పుడే ఈయన దగ్గరే చేయించాలని నిర్ణయించుకున్నాను. చాసిస్‌ని ముట్టుకోలేదు, ఫ్లోర్ రేకుకి మాత్రమే రంధ్రాలు. కోసిన అంచుకి తుప్పు పట్టకుండా ప్రైమర్ వేసి, ఆరాక గాస్కెట్ పెట్టి, చుట్టూ సీలెంట్ కొట్టాడు. ఇన్సూరెన్స్ వాళ్లకి మేం ముందే మెయిల్‌లో రాసి చెప్పాం, మీరూ చెప్పండి, రేపు ఏదైనా క్లెయిమ్ వస్తే ఆ మెయిలే మనల్ని కాపాడుతుంది. కొత్త బండైతే వారంటీ సంగతి షోరూమ్‌లో అడిగి మరీ మొదలుపెట్టండి.

పొగ గొట్టం దగ్గర మాత్రం ఆయనకీ నాకూ చాలాసేపు నడిచింది. బండి సైలెన్సర్ వెనక్కే ఉంటుంది కాబట్టి దీన్నీ వెనక్కే ఇద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రాత్రిపూట మేం దిగేది, ఎక్కేది వెనక డోర్ నుంచే, అక్కడే పొగ ఉంటే డోర్ తీసిన ప్రతిసారీ లోపలికి లాగుతుంది. ముందు వైపుకి తిప్పితే బండి నడిచేటప్పుడు ఎదురుగాలి దూరుతుంది. "భాయ్, పక్కకి ఇద్దాం, బాడీ అంచు దాటాలి, కొద్దిగా కిందికి వాలాలి" అన్నాను. గొణుక్కున్నాడు గానీ విన్నాడు. ఎడమ పక్క బాడీ అంచు దాటేలా, లోపల నీళ్లు నిలవకుండా వాలుగా ఇచ్చాడు. గాలి పీల్చే గొట్టం దానికి దూరంగా అటువైపు పెట్టాడు, లేకపోతే అది తన పొగనే తాను పీలుస్తుంది. పెట్టెలో వచ్చిన సైలెన్సర్ కీలు దగ్గర లీకు ఉంది. పొగ గొట్టం చివర గుడ్డ కుక్కి, బ్లోయర్ పెట్టి, కీళ్లన్నిటికీ పంక్చర్ షాపులో చూసినట్టు సబ్బు నురుగు పూసి ఆయనే పట్టుకున్నాడు. రాణిగంజ్ నుంచి వేరే క్లాంపులు, వేడి తట్టుకునే పేస్టు తెప్పించి మళ్లీ బిగించాడు. గొట్టానికి ఫైబర్ గ్లాస్ టేపు చుట్టాడు.

జాతరకి వెళ్లే మాకు ఈ పక్క గొట్టంతో ఇంకో బాధ్యత వచ్చింది. కేస్లాపూర్‌లో జనం బండ్ల పక్కనే నేల మీద గడ్డి పరుచుకుని పడుకుంటారు. మన పొగ వాళ్ల మొహాల ఎత్తులో వస్తుంది. అందుకే బండిని జనానికి దూరంగా, గొట్టం వైపు ఖాళీ పొలం ఉండేలా ఆపుతాం, ఆ చోట ఎండుగడ్డి, టేకు ఆకులు చేత్తో ఊడ్చేస్తాం, ఎందుకంటే ఆ గొట్టం చివర నిప్పంటించేంత వేడి ఉంటుంది. జాగా దొరక్కపోతే ఆ రాత్రి హీటర్ వేయం, రజాయిలతోనే సర్దుకుంటాం. హీటర్ కొనే ప్రతి ఒక్కరూ ఇది ఆలోచించాలని గట్టిగా అడుగుతున్నా.

విషవాయువుని పసిగట్టే అలారం గురించి కూడా ఉస్తాద్‌తో వాదన అయింది. "పొగ బయటికే పోతుంది సార్, లోపలికొచ్చే గాలి వేరే, ఇంక అలారం దేనికి?" అన్నాడు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయింది జనరేటర్ నుంచి వచ్చిన ఈ వాయువు వల్లే. కొండల మీద ఇంకో చిక్కు ఉంది. స్పితిలోని కాజా ఊళ్లో తలనొప్పి, వికారం వస్తే ఎత్తు వల్లే అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటాం, ఈ వాయువు లక్షణాలూ సరిగ్గా అవే. మనిషికి ఆ తేడా తెలీదు, అలారానికి తెలుస్తుంది. ఈఎన్ 50291 (ఈ అలారాలకి యూరప్ ప్రమాణం) గుర్తున్నది కొని, పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టుకున్నాం, బయల్దేరే ముందు రోజు టెస్ట్ బటన్ నొక్కి చూస్తాం. అద్దం ఒక వేలెడు దించే ఉంచుతాం. పాప పడుకునే బండిలో ఇవి లేకుండా హీటర్ స్విచ్ మీద చెయ్యి వేయను. ఇంకొక్క మాట, ట్రయల్ పేరుతో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దీన్ని వెలిగించకండి, పైకి తెచ్చి ఆరుబయట వేయండి. బంకులో డీజిల్ పోయించేటప్పుడు ఇది ఆఫ్‌లో ఉండాలి.

డీజిల్ లైన్ దగ్గర పెట్టెలో వచ్చిన మెత్తటి పచ్చ గొట్టం తీసేయించాను. దాని లోపలి రంధ్రం పెద్దది, పంపు కొద్దికొద్దిగా పంపేసరికి సెలైన్ గొట్టంలో కనిపించినట్టు గాలి బుడగలు నిలబడిపోతాయి, మంట ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. సన్న రంధ్రం ఉన్న గట్టి నైలాన్ గొట్టం వేయించాం. పంపుని పడుకోబెట్టకుండా, డీజిల్ బయటికి వచ్చే మూతి పైకి ఉండేలా ఏటవాలుగా కట్టించాం. బండి ట్యాంకులోంచే డీజిల్ తీసుకుంటుంది, కానీ లోపలికి దించిన గొట్టం అడుగు దాకా పోదు, కాబట్టి హీటర్ ఎంత తాగినా బండి బంకు దాకా పోవడానికి మిగులుతుంది. పెట్టెతో వచ్చే ప్లాస్టిక్ ట్యాంకుని బండి లోపల పెట్టించుకుంటే రాత్రంతా డీజిల్ వాసనతో పడుకోవాలి.

వైరింగ్ ఒక్కటే ఆ షెడ్డులో నాకు నచ్చలేదు. కుర్రాడు సన్న వైరు లాగి ట్విస్ట్ చేసి టేపు చుట్టేశాడు. వెలిగేటప్పుడు గ్లో ప్లగ్ రెండు మూడు నిమిషాలు 8 నుంచి 10 యాంపియర్లు లాగుతుంది, ఆ వైరులో వోల్టేజి పడిపోయి హీటర్ ఎర్రర్ చూపించి ఆగిపోయింది. అడిగితే బ్యాటరీ వీక్ అన్నాడు. కోఠి ట్రూప్ బజార్ నుంచి మందం వైరు, ఫ్యూజు, లగ్గులు తెచ్చిస్తే అప్పుడు ఉస్తాదే కూర్చుని మళ్లీ చేశాడు, దానికి డబ్బు తీసుకోలేదు. సాయంత్రానికి ఇస్తానన్న బండి రెండు రోజులు ఉంచుకున్నాడు, బిల్లు కాగితం అడిగితే చిన్న చీటీ రాసిచ్చాడు, వారంటీ మాట ఎత్తలేదు. మజూరీ మొత్తం ఆరు వేలు తీసుకున్నాడు. ఆ పనికి నాకు ఎక్కువ అనిపించలేదు.

కరెంటు ఖర్చు వెలిగాక చాలా తక్కువ, ఒకటిన్నర రెండు యాంపియర్లే. అయినా బండి బ్యాటరీ మీద ఆధారపడొద్దు, చలికి దాని బలం సగం తగ్గుతుంది, పొద్దున సెల్ఫ్ కొట్టకపోతే స్పితిలో నెట్టేవాళ్లు దొరకరు. మేం విడిగా 100 యాంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకున్నాం. దాన్ని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు కాబట్టి అది మంచం కింద, లోపలే ఉంటుంది. హీటర్‌ని ఎప్పుడూ బ్యాటరీ వైరు పీకి ఆపకండి, బటన్ నొక్కి వదిలేయాలి, ఫ్యాన్ ఇంకొన్ని నిమిషాలు తిరిగి లోపలి వేడినీ పొగనీ తోసేశాకే అది ఆగుతుంది.

వేడి ఎలా ఉంది అంటే, ఆదిలాబాద్ చలికి లో చాలు, ఒక దుప్పటితో హాయిగా నిద్రపట్టింది, పాప అర్ధరాత్రి అదీ తన్నేసింది. స్పితిలో మాత్రం ఫుల్‌లోనే నడిచింది. అద్దాల నుంచి వేడి చాలా పోతుంది కాబట్టి వెండి రంగు థర్మల్ షీటు కోసి అన్ని అద్దాలకీ లోపలి నుంచి తొడిగాం, దాంతో చాలా తేడా వచ్చింది. షీట్లు లేకుండా ఇంకా పెద్ద హీటర్ కొనడం డబ్బు దండగ.

ఎత్తు దగ్గర అసలు పరీక్ష. హైదరాబాద్ ఐదు వందల చిల్లర మీటర్ల ఎత్తులో ఉంటే, కాజాలో ఇండియన్ ఆయిల్ బంకు 3,740 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ గాలి పలచన, దాని ఒత్తిడి మన దగ్గరున్న దానిలో దాదాపు మూడింట రెండొంతులే, కానీ పంపు అంతే డీజిల్ పోస్తూ ఉంటుంది. నల్లపొగ, మసి అక్కడ మొదలవుతాయి. మా కంట్రోలర్‌లో పంపు వేగం తగ్గించి, ఫ్యాన్ వేగం పెంచే సెట్టింగ్ ఉంది, ఉస్తాద్ దగ్గరే రెండు రకాల అంకెలు రాయించుకుని వెళ్లాను, పైన మార్చాక పొగ శుభ్రపడింది. ఎత్తుని తనంతట తానే కనిపెట్టి సర్దుకునే కొత్త రకాలు కూడా వస్తున్నాయి, హిమాలయాలకి పోయేవాళ్లు అవే కొనండి. లడాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో తెచ్చిన వింటర్ డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. కింద మైదానంలో పోయించుకున్న డీజిల్ అంత చలి తట్టుకోదు, చిక్కబడి హీటర్‌తో పాటు ఇంజన్‌నీ ఆపేస్తుంది, కాబట్టి ట్యాంకు ఖాళీ చేసుకుంటూ పైకెక్కి అక్కడి బంకుల్లోనే నింపుకోండి.

సర్వీసు పెద్దగా లేదు. వాడే రోజుల్లో వారానికొకసారైనా అరగంట ఫుల్‌లో నడిపి మసి కాల్చాలి. చలికాలం అయిపోయి బండి ఇంటి దగ్గరే ఉన్నా, నెలకోసారి ఆరుబయట పది పదిహేను నిమిషాలు వెలిగిస్తాను, లేకపోతే పంపులో డీజిల్ పట్టేస్తుంది. మాకు మిగిలిన ఇబ్బంది ఆ పంపు టకటకే. ఫ్లోర్‌కి నేరుగా బోల్టు వేశారు, అది సరిగ్గా మా ఆవిడ దిండు కిందికి వచ్చింది. రబ్బరు బుష్ వేసి చాసిస్ వైపు జరపాలి, వచ్చే నెల మళ్లీ బాలానగర్ షెడ్డుకే తీసుకెళ్తున్నాం.