రెడీమేడ్ ఉద్యోగ ఒప్పందం: క్లయింట్ల క్లాజ్ దగ్గరే చిక్కు (5కి 2.5)

బెంగళూరులో చిన్న ఐటీ, స్టాఫింగ్ కంపెనీలు పెట్టుకున్న మనవాళ్లు కొని వాడుతున్న వర్డ్ ఫైల్ ఇది. జీతం, సెలవులు, నోటీస్ పీరియడ్ వరకు శుభ్రంగా ఉంది, ఖాళీలు నింపితే చాలు. కానీ మానేసిన ఉద్యోగి క్లయింట్లను పట్టుకుపోతాడన్న భయంతో కొంటున్నారా? అయితే 11వ క్లాజ్ తిరగరాయించాల్సిందే.

అందులో ఉన్నది ఇదీ: "ఉద్యోగం మానేశాక 2 ఏళ్లపాటు, సమంజసమైన కాలపరిమితిగా, కంపెనీ క్లయింట్లెవరితోనూ ఏ వ్యాపారమూ చేయరాదు." ఇది క్లయింట్లను లాగొద్దనడం కాదు, మనిషి బతుకుతెరువుకే అడ్డం పడటం. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద ఇది చెల్లదు. "సమంజసం" అన్న కొలత ఇంగ్లండ్ చట్టం నుంచి తెచ్చిపెట్టారు, మన సెక్షన్‌లో ఆ మాట వ్యాపార గుడ్‌విల్ (పేరుప్రతిష్ఠలు) అమ్మకపు మినహాయింపులోనే ఉంది, ఉద్యోగ ఒప్పందాలకు లేదు. అందుకే 2 ఏళ్లను 6 నెలలు చేసినంత మాత్రాన క్లాజ్ బతకదు. ఉద్యోగంలో ఉండగా పెట్టే కట్టడి వేరు, 1967 గోలికరీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది.

క్లాజ్‌ను ఎంత ఇరుగ్గా రాస్తే అంత మేలు. 2009లో డెసికెంట్ రోటర్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు పోటీ కంపెనీలో పనిచేయడాన్ని ఆపలేదు, పాత కస్టమర్ల దగ్గరికెళ్లి ఆర్డర్లు అడగడాన్ని మాత్రం ఆపింది. అదే కోర్టు 2006లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకుకు అలాంటి ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) ఇవ్వలేదు. పైగా ఢిల్లీ తీర్పులు బెంగళూరు కోర్టుకు చూపించడానికి పనికొస్తాయే తప్ప దాన్ని కట్టిపడేయవు. "నూటికి నూరుపాళ్లు చెల్లుతుంది" అని ఫైల్ మొదటి పేజీలో రాయడం తప్పు.

మార్చాల్సింది ఇలా: మానేసిన ఉద్యోగి తనంతట తానే క్లయింట్లకు ఫోన్ చేసో మెయిల్ పెట్టో పని అడగరాదని రాయండి. చివరి 12 నెలల్లో ఆ ఉద్యోగి స్వయంగా చూసిన క్లయింట్ల పేర్లే అనుబంధంలో చేర్చండి. క్లయింటే వెతుక్కుంటూ వస్తే ఇది వర్తించదని కూడా చెప్పండి. రేట్ కార్డులు, రెన్యువల్ తేదీల గోప్యత వేరే క్లాజ్‌లో ఉండాలి, రెండూ కలిపితే ఒకటి పోయినప్పుడు రెండోదీ పోవచ్చు. వెబ్‌సైట్‌లో కనిపించే క్లయింట్ల పేర్లను రహస్యమనకండి.

ఫైల్‌లో రాసిన 10 లక్షల పెనాల్టీ చూసి ధీమా పడొద్దు. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది గరిష్ఠ పరిమితే, కోర్టు ఇచ్చేది అంతకు మించని సముచిత పరిహారం.

అన్నిటికన్నా పెద్ద లోటు, చివరిరోజు చెక్‌లిస్ట్ లేకపోవడం. అందులో ఉండాల్సినవి: సీఆర్ఎం (క్లయింట్ల వివరాలుండే సాఫ్ట్‌వేర్) నుంచి ఎవరు ఏ లిస్టు డౌన్‌లోడ్ చేశారన్న లాగ్, సొంత మెయిల్‌కు పంపుకున్న ఫైళ్లు, అప్పగించిన వాటిపై సంతకం. సాక్ష్యం ఇక్కడే దొరుకుతుంది, లాగ్‌లు చెరిగిపోకముందే కాపీ తీసి పెట్టుకోవాలి.