పది పళ్ళు లెక్కపెట్టి మోసపోయాను: డీజిల్ గేర్‌బాక్స్ కొనేవాళ్ళు జాగ్రత్త

రాత్రి పన్నెండున్నర అయింది. చేతుల గ్రీజు ఇంకా వదల్లేదు. ఎలాగూ నిద్ర పట్టదు కాబట్టి ఇది రాస్తున్నాను. కోపంలో ఉన్నాను, ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకోండి.

పాత పికప్‌లో తక్కువ ఖర్చుతో డీజిల్ ఇంజిన్ ఎక్కించే పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ అమ్మకందారు గురించి చెప్పక్కర్లేదు. పేరు రాయను. 'ఓవర్‌హాల్ చేసిన బాక్సులు, బిగించడమే తరువాయి' అని నల్లగా నిగనిగలాడే ఫోటోలు పెడతాడు చూడండి, ఆయనే. అందరినీ అన్నా అంటాడు. డబ్బు చేతిలో పడేదాకా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నాన్న వాడిన పికప్, దాని పెట్రోల్ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పోయింది. కమిన్స్ 4బీటీ అనే డీజిల్ ఇంజిన్ ఒకటి దొరికింది. 3.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, బరువు సుమారు 340 కిలోలు. దాంతో వచ్చిన అడాప్టర్ ప్లేట్ (ఇంజిన్‌ని బాక్స్‌కి కలిపే పలక), ఫ్లైవీల్, క్లచ్ అన్నీ దీనికి అన్నలాంటి ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఉన్న పికప్‌లవి. రెండిటికీ బ్లాకు వెనక బోల్టులు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి అవి దీనికీ పడతాయి. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. మిగిలింది గేర్‌బాక్స్.

ఉన్న పాత నాలుగు గేర్ల బాక్స్‌నే పెట్టేయొచ్చు కదా అని మీలో కొందరు అంటారు, మా తమ్ముడూ అన్నాడు. లెక్క వేసి చూడండి. ఈ ఇంజిన్ హాయిగా తిరిగేది 2,500 ఆర్‌పీఎం దాకానే. నా యాక్సిల్ 4.10, అంటే బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. టైరు ఎత్తు 31 అంగుళాలు. నాలుగో గేరు డైరెక్ట్, అంటే ఇంజిన్ వేగమే బయటికి వస్తుంది కాబట్టి 2,500 దగ్గర బండి గంటకు 90 కిలోమీటర్లు పోతుంది, అంతే. ఆ పైన ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. ముందూ వెనకా యాక్సిళ్ళ లోపలి పళ్ళచక్రాల జత, అదే క్రౌన్ పినియన్, మార్చి 3.07 వేస్తే 120 వస్తుంది గానీ, ఆ రెండు సెట్లు కొని, షిమ్ములు పెట్టి సెట్ చేయించే ఖర్చుకి ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ కంటే షాఫ్ట్ వేగంగా తిరిగే పై గేరు) ఉన్న బాక్సే కొనుక్కోవచ్చు. అందుకే ఎన్‌వీ4500 అనే గేర్‌బాక్స్ ఎంచుకున్నాను. ఐదు గేర్లు, మొదటి గేరు 5.61, ఐదోది 0.75 చుట్టుపక్కల. ఇనుప కేస్, దాదాపు 90 కిలోలు. అదే 4.10 యాక్సిల్‌తో అదే 2,500 దగ్గర 120 దాకా వెళ్తుంది. ఎంపిక తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను. తప్పు చేసింది ఎవరి దగ్గర కొన్నానో అక్కడ.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఈ బాక్స్ ఒకే పేరుతో చాలా రకాలుగా వచ్చింది. డీజిల్ పికప్‌లలో వచ్చినదానికి ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బాక్స్‌లోకి తిప్పుడు తెచ్చే కడ్డీ) లావు ఒకటింపావు అంగుళం, అంటే 31.75 మిల్లీమీటర్లు. పెట్రోల్ వీ8 బళ్ళలో వచ్చినదానికి ఒకటీ ఒకటిబైఎనిమిది, అంటే 28.6. తేడా మూడు మిల్లీమీటర్ల చిల్లర. రెండిటికీ ఆ షాఫ్ట్ చుట్టూ క్లచ్ ప్లేట్‌ని పట్టుకునే పళ్ళు మాత్రం పదే.

మళ్ళీ చదవండి. రెండిటికీ పళ్ళు పదే.

నేను ఆయన్ని అడిగాను. అడగలేదని మాత్రం అనకండి. "ఇన్‌పుట్ షాఫ్ట్ డీజిల్‌దేనా?" అని రాసి మరీ అడిగాను. దానికి అవును, కాదు అని జవాబు రాలేదు. ఒక ఫోటో వచ్చింది. షాఫ్ట్‌ని తుడిచి, లైటు వేసి, దగ్గరగా తీసిన ఫోటో. కింద "డీజిల్‌కి సెట్ అవుతుంది. పది పళ్ళు అన్నా, మీరే లెక్కపెట్టుకోండి" అని రాశాడు. నేను, తెలివైనవాణ్ణి కదా, ఫోటో పెద్దది చేసి, వేలు పెట్టి లెక్కపెట్టాను. పది. మా తమ్ముడితో కూడా లెక్కపెట్టించాను. పదే. ఇద్దరం సంతోషించాం. డీజిల్‌కి పది పళ్ళు ఉంటాయని ఎక్కడో చదివాను, పెట్రోల్‌కి ఎన్నుంటాయో చూడాలన్న ఆలోచనే రాలేదు. వెర్నియర్ పెట్టి కొలత తీసి పంపమని ఒక్క మాట అనుంటే ఈ పోస్టే ఉండేది కాదు.

ఆ తర్వాత ఫోన్ చేశాడు. అరగంట మాట్లాడాడు. "డీజిల్ బండిలోంచి నా చేత్తో దింపాను అన్నా. ఐదో గేరు నట్టు కొత్తది లాకింగ్‌ది వేశాను, జన్మలో ఊడదు" అన్నాడు. ఈ బాక్స్‌కి ఉన్న పాత జబ్బు అదే. వెనక మెయిన్ షాఫ్ట్ చివర ఐదో గేరుని పట్టుకునే నట్టు డీజిల్ కుదుపులకి మెల్లగా వదులవుతుంది, గేరు వెనక్కి జరుగుతుంది, ఒక రోజు ఐదో గేరు ఉండదు. ఆ సంగతి నేను ఎత్తకముందే తనే ఎత్తేసరికి పనితనం తెలిసినవాడు అని పడిపోయాను. పైగా మన తెలుగువాడు. డబ్బు మొత్తం పంపేశాను. సగం ముందు, సగం తర్వాత అని కూడా అనలేదు. మొహమాటం!

బాక్స్ వచ్చింది. పెయింటు వాసన ఇంకా కొడుతోంది. కేస్ మీద పోతపోసిన నంబర్ల మీద కూడా మందంగా పూశాడు. అప్పుడైనా అనుమానం రావాలి. "ఎంత శుభ్రంగా పంపాడో" అనుకున్నాను.

ఇవాళ సాయంత్రం క్లచ్ బిగించడానికి కూర్చున్నాం. ప్రెషర్ ప్లేట్ ఎక్కించే ముందు ఎందుకైనా మంచిదని తమ్ముడు క్లచ్ ప్లేట్‌ని తీసుకెళ్ళి షాఫ్ట్ మీదకి తోశాడు. మామూలుగా అది కొంచెం బిగువుగా, నూనె రాసిన మాదిరి జారుతూ వెళ్ళాలి. ఇది సర్రున వెళ్ళిపోయి షాఫ్ట్ మొదట్లో పడి, పక్కకి ఒరిగి వేలాడింది. నాన్న చొక్కా తొడుక్కున్న మూడేళ్ళ పిల్లాడిలా. తమ్ముడు దాన్ని పట్టుకుని ఇటూ అటూ ఊపాడు. టకటకమని చప్పుడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వెర్నియర్ తెచ్చాడు. 28.6.

"అన్నయ్యా, ఇది పెట్రోల్‌ది" అన్నాడు. ఇంకేం అనలేదు పాపం.

ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టాను, అది నా రెండో తప్పు, తమ్ముడి ముందు పరువు పోయింది. మర్యాదగానే మొదలుపెట్టాను. పొరపాటున వేరే బాక్స్ వచ్చినట్టుంది, షాఫ్ట్ సన్నగా ఉంది అన్నాను.

"పొరపాటేం లేదు. ఫోటోలో ఉన్నదే పంపాను."

మీరు డీజిల్‌ది అన్నారు కదండీ అన్నాను.

అప్పుడు నవ్వాడు. నిజంగా నవ్వాడు. "మెసేజ్ తీసి చదువుకో. డీజిల్‌కి సెట్ అవుతుంది అన్నాను. డీజిల్‌ది అన్నానా? తెలుగు వచ్చు కదా నీకు?"

అన్నా పోయింది. మీరు పోయింది. నువ్వు వచ్చింది. అరగంట ఫోన్లో పన్నెండుసార్లు అన్నా అన్న నోరు అది.

ఫోన్లో మీరే అన్నారు, డీజిల్ బండిలోంచి దింపానని, అన్నాను. "ఫోన్లో ఎన్నో మాట్లాడుకుంటాం" అన్నాడు. "పళ్ళు లెక్కపెట్టుకునే కొన్నావు కదా. పదున్నాయా లేదా? అది చెప్పు." ఉన్నాయి అన్నాను. ఏం చెప్పను, ఉన్నాయి మరి! "ఉంటే ఇంకేంటి గొడవ. కొలతలు తెలియనివాడివి ఇంజిన్లు మార్చడం ఎందుకు, బండి తీసుకెళ్ళి మెకానిక్‌కి ఇచ్చుకో" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఫోన్ పోవడం లేదు. మెసేజ్ పెడితే అందడం లేదు. బ్లాక్.

డబ్బు పోయిన బాధ ఒకటి. 'డీజిల్‌ది', 'డీజిల్‌కి' అని విభక్తి చెప్పి మరీ పంపించాడు చూడండి, అది దిగడం లేదు. ఆ మెసేజ్ ఇప్పటికి ఇరవైసార్లు చదివాను. నిజంగానే 'డీజిల్‌కి సెట్ అవుతుంది' అని ఉంది. ఎంత జాగ్రత్తగా రాశాడు! ఒక్క అక్షరం మీద ఇంత వ్యాపారం నడుస్తుందని తెలుగు మాస్టారు కూడా చెప్పలేదు.

ఆ కోపంలోనే బాక్స్ విప్పాం. పక్కన ఉన్న మూత తీసి నూనె దింపితే, అరిగిన లోహపు పొడితో జరీ కలిపినట్టు మెరుస్తోంది. వెనక భాగం విప్పి ఐదో గేరు నట్టు చూశాం. కొత్త లాకింగ్ నట్టు లేదు, ఏమీ లేదు. పాత నట్టే. దాని అంచుల మీద ఉలి పెట్టి సుత్తితో కొట్టిన గుర్తులు. జన్మలో ఊడదని ఆయన అన్నది ఆ దెబ్బల ధైర్యంతోనేమో. ఓవర్‌హాల్ అంటే పెయింటు డబ్బా అని నాకు ఇప్పుడు తెలిసింది.

ఇక నా ఘనకార్యం వినండి. బాక్స్ రాకముందే ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే బాక్స్ నుంచి యాక్సిల్‌కి వెళ్ళే పొడవాటి గొట్టం, కోయించేశాను. పొడవు ఎంత ఉంటుందని ఆయన్నే అడిగాను, చెప్పాడు, ఆ లెక్కన లేత్ దగ్గర కోయించి, వెల్డింగ్, బ్యాలెన్సింగ్ అన్నీ చేయించాను. బాక్స్‌ని ఫ్రేములో కూర్చోబెట్టి చూస్తే షాఫ్ట్ నాలుగు వేళ్ళు తక్కువ. కోసిన ఇనుము పెరగదు కదా. దీనికి మాత్రం ఆయన్ని తిట్టలేను. ఇంజిన్, బాక్స్ రెండూ మౌంట్ల మీద బిగించి, బండి తన చక్రాల మీద పూర్తి బరువుతో నిలబడ్డాక కొలవాలని నాకు తెలుసు. షాఫ్ట్ చివర జారే కొస, అదే స్లిప్ యోక్, లోపలికీ బయటికీ కాస్త ఆడేందుకు చోటు వదలాలనీ తెలుసు. తొందర. సెలవులు అయిపోయేలోపు బండి రోడ్డెక్కించాలన్న తొందర.

సన్న షాఫ్ట్‌కి సరిపోయే హబ్ ఉన్న క్లచ్ ప్లేట్ దొరుకుతుంది, అది వేసేసుకో అంటారు. నిజమే, 4బీటీ టార్క్ కాగితం మీద 360 న్యూటన్ మీటర్లు, పెద్ద పెట్రోల్ వీ8 ఇచ్చేదానికంటే గొప్పేం కాదు. షాఫ్ట్ అది మోసేదేనేమో. కానీ వీ8 ఒక చుట్టుకి నాలుగు చిన్న తోపులు తోస్తుంది, ఇది రెండే తోస్తుంది, రెండూ సమ్మెట దెబ్బలు. ఆ దెబ్బలు ముందుగా తగిలేది ఆ షాఫ్ట్ పళ్ళకే. పైగా షాఫ్ట్ కొసని ఇంజిన్ వైపు మోసే పైలట్ బేరింగ్ మార్చాలి, షాఫ్ట్ పొడవు క్లచ్‌ని కప్పే ఆ బెల్ హౌసింగ్‌కి సరిపోతుందో చూడాలి. అన్నీ చేసినా లోపల జరీ నూనె, ఉలి నట్టు. ఆ బాక్స్‌ని నమ్మి నాన్న బండి నడపలేను. మొదటి గేర్‌లో 5.61 రెట్లు, యాక్సిల్ దగ్గర ఇంకో 4.10 రెట్లు, చక్రాల దాకా వచ్చేసరికి ఎనిమిది వేల న్యూటన్ మీటర్లు దాటుతుంది. మధ్యలో ఏది బలహీనంగా ఉంటే అది పోతుంది.

కొనబోయేవాళ్ళకి రెండు మాటలు, మళ్ళీ మర్చిపోతాను. పళ్ళు లెక్కపెట్టకండి, వెర్నియర్ పెట్టిన ఫోటో అడగండి, అంకె కనిపించాలి. క్లచ్, ఫ్లైవీల్, అడాప్టర్, షాఫ్ట్ అన్నీ ఒకే బండివి అయితే సగం తలనొప్పి ఉండదు. కొత్త పెయింటు ఉంటే నూనె దింపి చూపించమనండి. ఫోన్లో చెప్పినదాన్ని రాసి పంపమనండి, పంపకపోతే అర్థమైపోతుంది. నూనె జీఎల్-4 రకం గేర్ ఆయిల్ పోయండి, డిఫరెన్షియల్‌కి పోసే జీఎల్-5 కాదు, అందులో కలిపే గంధకం గేరు మారేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తుంది. ఈ చివరిది దీనికి సంబంధం లేదు గానీ, నా బాక్స్‌లో పోసింది ఏమిటో వాసనకే తెలిసింది.

డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశ లేదు. 90 కిలోలు తిరిగి పంపే ఖర్చు కూడా నాదేనట, అది మాత్రం షరతుల్లో రాసే ఉంది, చదివింది ఎవరు! తమ్ముడు రేపు వస్తాడు, దాన్ని ఓ మూలకి జరపాలి.

ఎవరికైనా పెట్రోల్ వీ8 బండికి ఈ బాక్స్ కావాలంటే అడగండి. లోపల ఏముందో ఫోటోలు తీసి, జరీ నూనె సీసాతో సహా, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇస్తాను. పెట్రోల్‌కి సెట్ అవుతుంది అనను. పెట్రోల్‌దే.