బాల్కనీ తోట సెట్టు: తొట్టెలు కొనవచ్చు, పలకలు అక్కరలేదు

నగరాల్లోని చిన్న బాల్కనీలను ఉద్దేశించి తయారైన తోట సెట్లు ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాల్లో విరివిగా కనిపిస్తున్నాయి. రెయిలింగుకు తగిలించుకునే రెండు పొడవాటి ప్లాస్టిక్ తొట్టెలు, ఎండతో ఛార్జయ్యే దీపాల తీగ, నేలమీద ఒకదానికొకటి బిగించి పరిచే చెక్క పలకలు, వీటికి తోడు ఒక కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుక, ఇవన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. పెట్టె మీది బొమ్మ చూస్తే బాల్కనీ పగలు పచ్చగా, రాత్రి వెలుగుగా మారిపోతుందన్న భరోసా కలుగుతుంది. ఇద్దరు కుర్చీలు వేసుకుంటే మూడో మనిషి తలుపు దగ్గరే నిలబడవలసిన మా బాల్కనీలో అలాంటి సెట్టు ఒకటి ఎండలూ వానలూ చూసింది. తయారీదారు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టాడు గాని, వీటిలో మొక్కకు నిజంగా పనికివచ్చేది తొట్టె ఒక్కటే. దీపాలు మనుషుల కోసం. పలకలైతే మొక్కలకు అందవలసిన వెలుగుకే గండి కొడతాయి.

తొట్టె గురించి కాస్త వివరంగా చెప్పాలి. దీని పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 18, లోతు 18. అడుగున మూడు లీటర్ల నీళ్లు పట్టే అర ఉంటుంది. దానిపైన చిల్లుల పలక, ఆ పలకలోంచి నీళ్లలోకి దిగిన రెండు గుడ్డ ఒత్తులు ఉంటాయి. దీపంలో ఒత్తి నూనెను పైకి లాక్కున్నట్టే ఇవి నీటిని మట్టిలోకి లాగుతాయి. మట్టి తడిగా ఉన్నంతసేపు ఆగి, ఆరుతున్న కొద్దీ మళ్లీ అందిస్తాయి. చిన్న కుండీకి ఉన్న అసలు జబ్బు నీటి నిలకడ లేకపోవడమే. మట్టి తక్కువగా ఉండటం వల్ల పొద్దున తడిసినది మధ్యాహ్నానికి ఎండిపోతుంది, పై అంతస్తుల్లో గాలి విసురు దానికి తోడవుతుంది, సాయంత్రం ఇంటికి వచ్చి వాడిన మొక్కను చూసి ఎక్కువ నీళ్లు పోస్తే వేళ్లకు గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. ఎండటం, మునగటం అనే ఈ రెండు కొసల మధ్య ఊగిసలాటను తొట్టె చాలా వరకు ఆపింది. పుదీనా, రంగురంగుల ఆకుల కోలియస్, బిళ్ళగన్నేరు మూడూ ఇందులో మామూలు కుండీలలో కంటే గుబురుగా పెరిగాయి.

అయితే నీళ్లు రెండు వారాలు వస్తాయని పెట్టె మీద రాసిన మాటను యథాతథంగా నమ్మకూడదు. లేత మొక్కలు, చల్లని వాతావరణం ఉంటే అది నిజమే కావచ్చు. బాగా ఎదిగిన మొక్కలు తొట్టె నిండా ఉన్నప్పుడు, ఎండా గాలీ కలిసి వచ్చిన రోజుల్లో, మూడు లీటర్లు రెండు మూడు రోజులకు మించి ఆగవు. కొత్తగా నాటినప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. వేళ్లు కిందికి దిగి తడి ఉన్న పొరను అందుకొనేదాకా నీళ్లు పైనుంచే పోయాలి. వాడే విధానం చూపే కాగితంలో ఈ విషయం ఒక చిన్న బొమ్మగా మాత్రమే ఉంది, అదీ భూతద్దం పెట్టి చూస్తేగాని అర్థం కాదు.

మట్టి విషయంలో సెట్టు పిసినారితనం చూపింది. ఇచ్చిన 650 గ్రాముల కోకోపీట్ ఇటుకను నీళ్లలో నానబెడితే ఎనిమిది, తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. తొట్టెకు పన్నెండు లీటర్ల మిశ్రమం కావాలి గనుక, కంపోస్టు ఎంత కలిపినా రెండు తొట్టెలకు ఒక ఇటుక చాలదు. పైగా కొబ్బరి పొట్టులో సహజంగా ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టిన తొలి నీళ్లను పారబోసి, మళ్లీ కడిగి వాడటం మేలు. పొట్టు నీటిని పట్టి ఉంచుతుందే తప్ప మొక్కకు తిండి పెట్టదు. కంపోస్టుతో పాటు అప్పుడప్పుడూ ద్రవ ఎరువు ఇవ్వక తప్పదు. తోటలో తవ్విన బరువైన మట్టిని మాత్రం ఇందులో పోయకూడదు, ఎందుకంటే అది చిల్లుల పలక మీద గట్టిపడి గాలి దారులు మూసేస్తుంది. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం కూడా ఇక్కడ పనికిరాదు. మెత్తని మిశ్రమంలోని నీరు రాళ్ల పొర దాకా వచ్చి అక్కడే నిలిచిపోతుంది, వేళ్లకు దక్కే లోతు ఆ మేరకు తగ్గిపోతుంది.

ఇక లోపాలు. నీటి మట్టం చూపే ఎర్రటి తేలుడు సూచిక గొట్టంలో ఇరుక్కుపోతుంది. నీళ్లలోని సున్నం గొట్టం గోడకు తెల్లగా పట్టడంతో అది నిండుగా ఉన్నట్టు చూపిస్తూనే ఉంటుంది, కింద అర ఖాళీ అయి ఉంటుంది. గొట్టాన్ని వేలితో తట్టి, సూచిక కదిలిందో లేదో చూసిన తరువాతే దాని మాట నమ్మాలి. నీళ్లు పోసే గొట్టం మూత ఇంకా అధ్వానం. అది బిగుతుగా కూర్చోదు, గాలి వీస్తే ఎగిరిపోతుంది. తెరిచి ఉన్న గొట్టం కింద కదలని నీళ్లంటే దోమకు అంతకంటే ఏం కావాలి? వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నైలాన్ జాలీ ముక్కను గొట్టం మూతికి రబ్బరు బ్యాండుతో కట్టాక సమస్య తీరింది. తయారీలోనే జాలీ అమర్చడానికి పెద్దగా ఖర్చయ్యేది కాదు.

పొంగిన నీళ్లు పోవడానికి తొట్టె ముందువైపున ఒక రంధ్రం పెట్టారు. ఇది మంచి ఏర్పాటే, లేకపోతే వానకు మొక్కలు మునిగిపోతాయి. కాని బొమ్మలో చూపినట్టు రెయిలింగుకు బయటివైపు తగిలిస్తే ఆ నీరు సరాసరి కింది అంతస్తువారు ఆరేసిన బట్టల మీద పడుతుంది. తొట్టెను లోపలివైపు, రంధ్రం మనవైపు ఉండేలా తగిలించి, కింద ఒక పళ్లెం పెట్టడమే పద్ధతి. బరువు దృష్ట్యా కూడా ఇదే సరైనది. నీళ్లు నిండి, మిశ్రమం తడిసి, మొక్కలు ఎదిగాక ఒక్కో తొట్టె పదిహేను కిలోలకు దగ్గరగా తూగుతుంది. అంత బరువు బయటికి వేలాడటం కింద నడిచేవారికి ప్రమాదం. కొక్కేలు ఉక్కువి, గుండ్రని రెయిలింగుకూ చదునైన రెయిలింగుకూ సర్దుకుంటాయి, బలంగానే ఉన్నాయి. మరలను మాత్రం అప్పుడప్పుడూ బిగిస్తూ ఉండాలి.

ఒత్తి ద్వారా నీరు ఎప్పుడూ కిందినుంచి పైకే ప్రయాణిస్తుంది కాబట్టి ఎరువులోని లవణాలు పైపొరలో పేరుకొని తెల్లని పొక్కులా కనిపిస్తాయి. నెలకొకసారి అడుగు బిరడా తీసి, పైనుంచి ధారగా నీళ్లు పోసి కడగాలి. ఆ బిరడా పెట్టిన ఆలోచన ఎవరిదో గాని, మొత్తం సెట్టులో నాకు బాగా నచ్చిన వివరం అదే.

ఇప్పుడు వెలుగు సంగతి. చిన్న బాల్కనీలో మొక్క బతుకును నీటి తరువాత నిర్ణయించేది పగటి వెలుగే, ఈ సెట్టు తయారీదారు పట్టించుకోనిదీ అదే. నడినెత్తిన ఎండ దాదాపు లక్ష లక్సులు (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ఆరుబయట నీడలో అది పది, ఇరవై వేలకు పడిపోతుంది. పైన మరో బాల్కనీ కప్పులా ఉన్నచోట, గోడ మూలలో, ఇంకా ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. మన కంటిపాప వెలుగును బట్టి సర్దుకుంటుంది గనుక ఈ తేడా మనకు తెలియదు, మొక్కకు తెలుస్తుంది. పూల మొక్కల్లో చాలావాటికి రోజుకు కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఎక్కడ ఎంత ఎండ ఉందో తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు, ఒక నాచుమొక్క కుండీని అక్కడ పెట్టి చూడవచ్చు. దాని పూలు మంచి ఎండలోనే విచ్చుకుంటాయి, నీడ పడితే ముడుచుకుంటాయి. రెయిలింగు మీద ఉన్న తొట్టెకు ఈ వెలుగు దండిగా దొరుకుతుంది, అది దాని మరో సుగుణం. నేలమీది కుండీలకు, ముఖ్యంగా రెయిలింగు స్థానంలో నిండు పిట్టగోడ ఉన్న బాల్కనీలలో, ఆకాశం నుంచి నేరుగా వచ్చేది తక్కువ. గోడలూ నేలా తిప్పి పంపే వెలుగు మీదనే అవి ఎక్కువగా ఆధారపడతాయి.

పలకలతో నా పేచీ ఇక్కడే. ఇవి 30 సెంటీమీటర్ల చదరాలు, ముదురు గోధుమరంగు నూనె పట్టించిన అకేసియా చెక్క, అడుగున ప్లాస్టిక్ జాలీ. చూడటానికి అందంగా ఉన్నాయి, పాదానికి హాయిగా ఉన్నాయి, అది కాదనను. తెల్లటి మ్యాట్ రంగు తనమీద పడిన వెలుగులో నూటికి 80 పాళ్ల దాకా తిప్పి పంపుతుంది, ముదురు చెక్క అందులో చాలా కొద్ది భాగమే పంపుతుంది. లేతరంగు నేలను ఈ పలకలతో కప్పితే మూలనున్న మొక్కలకు ఆ మేరకు వెలుగు కరువవుతుంది. పలకలు పరిచిన తరువాత మా గోడ పక్కన ఉన్న కోలియస్ కాడలు సాగి, ఆకులమధ్య ఎడం పెరిగింది. పలకలు తీసి, గోడకు తెల్లరంగు వేయించాక వచ్చిన చిగుళ్లు మళ్లీ దగ్గర దగ్గరగా వేశాయి.

తక్కిన ఇబ్బందులు చిన్నవే గాని, లెక్కలోకి తీసుకోవాలి. కుండీల మట్టి, రాలిన ఆకులు జాలీ కిందికి చేరి నీళ్లు పోయే తూమును మూసేస్తాయి, వాటిని తీయడానికి వరుస మొత్తం ఊడదీయాలి. బాల్కనీ కొలత ముప్పైతో నిశ్శేషంగా భాగించబడకపోతే అంచు పలకలను రంపంతో కోయాలి. తలుపు బాల్కనీలోకి తెరుచుకునే ఇళ్లలో రెండు, రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు పెరగడం వల్ల తలుపే అడ్డుపడవచ్చు. ఎండకు చెక్క బూడిదరంగుకు తిరుగుతుంది, రంగు నిలవాలంటే మళ్లీ మళ్లీ నూనె పట్టించాలి.

దీపాల తీగకు సగం మార్కులు ఇస్తాను. కాంతి 2700 కెల్విన్ల పసుపు ఛాయలో ఉండటం వల్ల కళ్లకు సుఖంగా ఉంటుంది, పుస్తకం చదవడానికి చాలదు గాని కబుర్లకు చాలు. అరచేయంత సౌర పలక వెనుక 1.2 వోల్టుల, 600 మిల్లీ ఆంపియర్ అవర్ల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఒకటి ఉంది. పూర్తిగా ఛార్జయినా అందులో దాగే శక్తి 0.72 వాట్ అవర్లు, అంటే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఐదు నిమిషాల్లో ఖర్చు చేసేంత. దీనితో రాత్రంతా వెలుగు కావాలనుకోవడం అత్యాశ. మంచి ఎండ తగిలిన రోజున రాత్రి భోజనాల వేళ దాటేదాకా వెలుగుతుంది, మబ్బు పట్టిన రోజున చీకటి పడ్డ కాసేపటికే కొండెక్కుతుంది. ఈ మాత్రం శక్తితో మొక్కలకు మేలు జరుగుతుందన్న సూచన పెట్టె మీద ఉండటం మాత్రం తప్పు. పైపెచ్చు చామంతి వంటి మొక్కలు పొడవైన చీకటి రాత్రులు ఉంటేనే మొగ్గ తొడుగుతాయి, వాటికి చుట్టూ దీపాలు చుట్టకపోవడమే మంచిది.

మరొక చిక్కు ఉంది. చీకటి పడిందని పసిగట్టేది కూడా ఆ సౌర పలకే. వీధి దీపం వెలుగు దానిమీద పడితే ఇంకా పగలే అనుకొని దీపాలు వెలగవు. మాకు ఎండ బాగా తగిలే మూల, వీధి దీపం తగిలే మూల ఒకటే కావడంతో, పలక పక్కన అట్టముక్క నిలబెట్టి వీధివైపు వెలుగును ఆపవలసి వచ్చింది. దుమ్మూ నీరూ లోపలికి చొరకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే ఐపీ అంకెల్లో ఇది ఐపీ44 స్థాయిది. అది తుంపరలకు సరిపోతుంది గాని ఏటవాలుగా కొట్టే వానకు చాలదు, పలక అద్దం కింద తేమ చుక్కలు కట్టింది. ఆరుబయట ఉండే వస్తువుకు ఐపీ65 ఉన్నది వెతుక్కోవడం మేలు. సెల్లు మార్చుకునే వీలుంది కాబట్టి తీగ మొత్తాన్ని పారేయవలసిన పని లేదు, ఇది మెచ్చుకోవలసిన విషయం.

అమ్మినవారి సేవ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక కొక్కెం పగిలి వచ్చింది, ఫొటో పంపితే కొత్తది పంపారు. వాడే విధానం బొమ్మల్లో తప్ప మాటల్లో లేదు.

సెట్టు ధరకూ విడి వస్తువుల మొత్తం ధరకూ చెప్పుకోదగిన తేడా లేనందున తొట్టెలను మాత్రమే విడిగా కొనడం నా సలహా. నలుపు, తెలుపు రెండు రంగుల్లో ఉన్నాయి. నలుపు ప్లాస్టిక్ ఎండకు కాగి తొట్టె గోడను ఆనుకున్న వేళ్లను మాడుస్తుంది, కాబట్టి తెలుపునే తీసుకోండి. అయితే పలుచని తెల్ల ప్లాస్టిక్‌లోంచి వెలుగు దూరి నీటి అరలో పాచి పడుతుంది. కొనేముందు తొట్టె లోపల టార్చి వెలిగించి, వెలుగు బయటికి కనిపిస్తోందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో అది కుదరదు గనుక, వచ్చిన తరువాత అడుగు భాగానికి బయటినుంచి ముదురు రంగు పట్టీ అంటిస్తే సరిపోతుంది.